మొదటి పది మీటర్లు: సీజన్ పొడవునా ఆటగాడి వేగం ఎలా మారుతుంది?

గ్రౌండులో మనం ఎక్కువగా వినే మాట ఒకటుంది. "ఆడు మామూలు స్పీడ్ కాదురా!" వినడానికి బాగానే ఉంటుంది. కానీ కొంచెం ఆగి ఆలోచిస్తే ఈ మాట వెంట మూడు ప్రశ్నలు రావాలి. ఎన్ని మీటర్లకి స్పీడు? సీజన్‌లో ఎప్పుడు స్పీడు? దేంతో కొలిచారు?

ఈ మూడూ అడక్కుండానే చాలా కాలేజీల్లో టీమ్ సెలక్షన్ అయిపోతుంది. ఒక రోజు పొద్దున్న వంద మీటర్లు పరిగెత్తిస్తారు, ఒకరు స్టాప్‌వాచ్ నొక్కుతారు, ఎక్కువ టైమ్ వచ్చినవాళ్లు బయటికి. ఫుట్‌బాల్‌కి ఇది సరైన పరీక్షేనా? ఆ రోజు గెలిచినవాడు మూడు నెలల తర్వాత కూడా అంతే వేగంగా ఉంటాడా? మాట వేగం గురించే అయినా, ఇందులో ఉన్నది కొందరి అవకాశం, ఇంకొందరి తొడ కండరం. అందుకే కొంచెం లెక్కతో, కొంచెం మన వైజాగ్ ఉదాహరణతో ఈ విషయం చూద్దాం.

1. వేగం ఒకటి కాదు, రెండు

ఫస్టియర్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్ గుర్తుందా? కెపాసిటర్ చార్జ్ అవుతుంటే గ్రాఫ్ మొదట నిట్టనిలువుగా లేస్తుంది, తర్వాత మెల్లగా వంగి, చివరికి చదునైపోతుంది. మనిషి పరుగు గ్రాఫ్ కూడా దాదాపు అదే ఆకారం. ఈ విషయాన్ని ఫురుసావా, హిల్, పార్కిన్సన్ అనే ముగ్గురు 1927లోనే రాశారు. వీళ్లలో ఎ.వి. హిల్ కండరాల మీద పరిశోధనకి నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. జీపీఎస్ లేని ఆ రోజుల్లో పరిగెత్తేవాడి ఒంటికి అయస్కాంతం కట్టి, ట్రాక్ పక్కన తీగచుట్టలు పెట్టి, చుట్ట దాటినప్పుడల్లా పుట్టే కరెంటుతో టైమ్ పట్టారు. మనం ఇంటర్‌లో చదివిన ఫారడే సూత్రమే.

ఆ గ్రాఫ్‌ని రెండు అంకెలతో చెప్పేయొచ్చు. ఒకటి గరిష్ఠ వేగం, అంటే గ్రాఫ్ చివరికి ఎంత ఎత్తుకి చేరుతుందో అది. రెండోది టైమ్ కాన్‌స్టంట్, అంటే గరిష్ఠ వేగంలో 63 శాతం అందుకోవడానికి పట్టే సమయం. ఇది ఎంత తక్కువైతే ఊపు అంత త్వరగా అందుతుంది.

ఇద్దరు ఆటగాళ్లని ఊహించుకుందాం. ఒకరి పేరు రవి: గరిష్ఠ వేగం సెకనుకి 8 మీటర్లు, టైమ్ కాన్‌స్టంట్ 1.0 సెకను. ఇంకొకరి పేరు కిరణ్: గరిష్ఠ వేగం 9 మీటర్లు, టైమ్ కాన్‌స్టంట్ 1.4 సెకన్లు. పది లైన్ల కోడ్ రాస్తే వచ్చే జవాబులివి:

10 మీటర్లు: రవి 2.13 సెకన్లు, కిరణ్ 2.23 సెకన్లు.
20 మీటర్లు: రవి 3.47, కిరణ్ 3.51.
40 మీటర్లు: రవి 6.00, కిరణ్ 5.82.

సుమారు 25 మీటర్ల వరకూ రవే ముందు. ఆ తర్వాత కిరణ్ దాటేస్తాడు. వంద మీటర్ల సెలక్షన్‌లో కిరణ్ హీరో, రవి ఇంటికి. కానీ రవి పది మీటర్ల గీత దాటే క్షణానికి కిరణ్ ఇంకా 67 సెంటీమీటర్లు వెనకే ఉంటాడు. మూరన్నర దూరం! బంతి మీదకి ఇద్దరూ ఒకేసారి దూకితే అది ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఇది ఊహించుకున్న లెక్కే, నిజం ఆటగాళ్లలోనూ ఇలాగే ఉంటుందా? లిటిల్, విలియమ్స్ అనే ఇద్దరు 2005లో 106 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ల ఫలితాలు ప్రచురించారు. పది మీటర్ల యాక్సిలరేషన్‌కీ, అప్పటికే పరుగులో ఉండి దాటే ఇరవై మీటర్ల గరిష్ఠ వేగానికీ మధ్య ఉమ్మడిగా ఉన్న తేడా 39 శాతం మాత్రమే. స్టాటిస్టిక్స్ క్లాసులో మనం ఆర్-స్క్వేర్డ్ అనుకునేది ఇదే. అంటే ఒకటి చూసి రెండోది చెప్పేద్దామంటే సగం కన్నా ఎక్కువ తెలియకుండానే మిగిలిపోతుంది.

2. ఫుట్‌బాల్ ఏ వేగాన్ని అడుగుతుంది?

బెర్లిన్‌లో 2009లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్ల పరుగు చూడండి. మొదటి 10 మీటర్లకి 1.89 సెకన్లు పట్టింది (తుపాకీ విని కదలడానికి పట్టిన 0.146 సెకన్లు కూడా అందులోనే). 60 నుంచి 80 మీటర్ల మధ్య ఉన్న 20 మీటర్లకి పట్టింది 1.61 సెకన్లు. రెట్టింపు దూరం, తక్కువ సమయం! గంటకి లెక్కేస్తే దాదాపు 44.7 కిలోమీటర్లు. ప్రీమియర్ లీగ్‌లో టాటెన్‌హామ్ డిఫెండర్ మికీ వాన్ డె వెన్ 2024 జనవరిలో అందుకున్న వేగం 37.38 కిలోమీటర్లు. ఫుట్‌బాలర్లలో అది రికార్డు స్థాయి.

ఆ తేడాకి కారణం ఫుట్‌బాలర్ బద్ధకం కాదు. అతనికి అరవై మీటర్ల ఖాళీ దారి దొరకదు. మ్యాచ్‌లో ఎక్కువ స్ప్రింట్‌లు ఇరవై మీటర్ల లోపే, రెండు మూడు సెకన్లలోనే ముగుస్తాయి. అది కూడా నిలబడి మొదలుపెట్టేది కాదు. నడుస్తూ, పక్కకి జరుగుతూ, వెనక్కి అడుగేస్తూ ఉన్నవాడు ఉన్నట్టుండి అందుకోవాలి. గోల్‌కి ముందు పొడవాటి కౌంటర్ ఎటాక్ వచ్చినప్పుడు గరిష్ఠ వేగం కావాలి, నిజమే. కానీ తొంభై నిమిషాల్లో రోజువారీ కూలీ అంతా మొదటి పది మీటర్లదే.

ఇంకో మాట. పది మీటర్లలో పదో వంతు సెకను సంపాదించడానికి కాళ్లు ఒక్కటే దారి కాదు, పదో వంతు సెకను ముందు బయల్దేరినా అంతే ఫలితం. ఈ సంగతి మన తెలుగు నేల మీద అందరికన్నా ముందు పట్టుకున్నది హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం గెలిచిన భారత జట్టునీ తయారుచేసింది ఆయనే. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో టోర్నమెంట్లు పెట్టి, ఒక్క టచ్‌తో పాస్ ఇవ్వడం నేర్పారు. అలా ఆడాలంటే బంతి రాకముందే తర్వాతి అడుగు బుర్రలో ఉండాలి. స్టాప్‌వాచ్‌కి అందని యాక్సిలరేషన్ ఇది.

3. సీజన్ అంటే ఏమిటో చూపించిన మన వైజాగ్ అమ్మాయి

వేగం నెలల తరబడి ఎలా మారుతుందో చూడాలంటే ఫుట్‌బాల్‌లో కష్టం, స్కోర్‌బోర్డు మీద గోల్సే కనిపిస్తాయి. అథ్లెటిక్స్‌లో ప్రతి పరుగూ ఒక డేటా పాయింట్. అందుకే కాసేపు ట్రాక్ మీదకి వెళ్దాం. ఎక్కడో కాదు, పరవాడ నుంచి గాజువాక మీదుగా బస్సెక్కితే చేరే ఊరికే. విశాఖలో పుట్టి, పోర్ట్ హైస్కూల్‌లో చదివి, వంద మీటర్ల హర్డిల్స్‌లో దేశంలోనే వేగవంతమైన మహిళ అయిన జ్యోతి యర్రాజి 2022 సీజన్ చూడండి.

ఏప్రిల్, కోళికోడ్: 13.09 సెకన్లు. కానీ వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు. నిబంధన 2.0 వరకే. రికార్డు దక్కలేదు.
మే 10, లిమాసోల్ (సైప్రస్): 13.23. జాతీయ రికార్డు. అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38 ఇరవై ఏళ్ల తర్వాత చెరిగింది.
మే 22, లఫ్‌బరో (ఇంగ్లండ్): 13.11.
మే 26, వుఖ్ట్ (నెదర్లాండ్స్): 13.04.
అక్టోబర్ 17, బెంగళూరు: 12.82. పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన తొలి భారతీయ మహిళ.

మేలో 13.23 నుంచి అక్టోబర్‌లో 12.82కి, అంటే 0.41 సెకన్లు. ఈ గ్రాఫ్ గీస్తే అందంగా కిందకి దిగే గీత వస్తుంది. అయితే మోసపోకండి. ఇందులో నేను మంచి రోజులే రాశాను. మధ్యలో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఆమె ఫైనల్‌కి చేరలేదు. సీజన్ అంటే మెట్ల మీద ఎక్కడం కాదు, మన బీచ్ రోడ్డు అల లాంటిది. ముందుకొస్తుంది, వెనక్కెళ్తుంది, నీటిమట్టం మాత్రం మెల్లగా పెరుగుతుంది. ఆగస్టులో ఒక్క రోజు చూసి "ఈ అమ్మాయి పని అయిపోయింది" అన్నవాళ్లకి అక్టోబర్ జవాబు చెప్పింది.

హర్డిల్స్‌లో మన పాఠానికి పనికొచ్చే ఇంకో విషయం ఉంది. మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది, తర్వాత ప్రతి 8.5 మీటర్లకి ఒకటి, మొత్తం పది. రెండు హర్డిల్స్ మధ్య మూడే అడుగులు. అడుగు పొడవు పెంచుకునే వీలు లేదు కాబట్టి, వేగం పెరగాలంటే అడుగులు త్వరగా పడాలి. అంటే మొదటి 13 మీటర్లది శుద్ధమైన యాక్సిలరేషన్, మిగతాది లయ. అడ్డం వచ్చిన ప్రతిసారీ ఊపు పోకుండా చూసుకోవడం. డిఫెండర్ల మధ్య పరిగెత్తే వింగర్ పని కూడా ఇదే కదా.

4. మరి ఫుట్‌బాలర్ సీజన్‌లో ఏమవుతుంది?

అథ్లెట్‌కి ఏడాదిలో రెండు మూడు పెద్ద తేదీలుంటాయి. వాటికి సరిగ్గా పదునెక్కేలా కోచ్ ప్లాన్ చేస్తాడు. ఫుట్‌బాలర్‌కి ఆ సుఖం లేదు. ప్రీమియర్ లీగ్‌లో ఆగస్టు నుంచి మే దాకా 38 మ్యాచ్‌లు, పైన కప్పులు. ప్రతి వారం పరీక్ష ఉంటే ఎవరు మాత్రం కొత్త చాప్టర్ చదువుతారు? ఉన్నది నిలబెట్టుకోవడమే ఎక్కువ.

మనలాంటి కాలేజీ జట్ల గురించి ఒక అధ్యయనం ఉంది. అమెరికాలో క్రేమర్ బృందం ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టులోని 25 మందిని 11 వారాల సీజన్ పొడవునా పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించింది. సీజన్ చివరికి రోజూ మొదటి పదకొండులో ఆడేవాళ్ల స్ప్రింట్ టైమ్ 4.3 శాతం ఎక్కువైంది, అంటే నెమ్మదించారు. నిలువు జంప్ 13.8 శాతం పడిపోయింది. బెంచ్ మీద ఎక్కువగా కూర్చున్నవాళ్లలో అంత పతనం కనిపించలేదు. పైగా ఆ ఆటగాళ్లు సీజన్‌లోకి అడుగుపెట్టేటప్పటికే హార్మోన్ల లెక్కలో అలసిపోయి ఉన్నారని కూడా రక్త పరీక్షల్లో తేలింది. ప్రీ-సీజన్‌లో గట్టిగా తోమేస్తే సీజన్‌లో మెరుస్తారనుకోవడం అన్నిసార్లూ నిజం కాదన్నమాట.

ఒక్క క్షణం ఆలోచించండి. సెలక్షన్ రోజు అందరికన్నా వేగంగా ఉన్నవాణ్ణి తీసుకుని, ప్రతి మ్యాచ్ ఆడించి, సెమీఫైనల్ రోజుకి అతని వేగాన్నే మనం ఖర్చు చేసేస్తున్నాం. బెంచ్ మీద ఉన్నవాడు అప్పటికి అతనికన్నా వేగంగా ఉండొచ్చు. కానీ అతని పాత టైమ్ మన కాగితం మీద అలాగే ఉంటుంది.

దీనికి మందు ఉంది, ఖరీదైనది కూడా కాదు. నార్వేలో రోన్నెస్టాడ్ బృందం 2011లో ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగం చెబుతాను. అందరూ ప్రీ-సీజన్‌లో వారానికి రెండుసార్లు కాళ్ల స్ట్రెంత్ ట్రైనింగ్ చేశారు. తర్వాత సీజన్ మొదటి 12 వారాలు ఒక గుంపు వారానికి ఒకసారి, ఇంకో గుంపు రెండు వారాలకి ఒకసారి చేసింది. వారానికి ఒకసారి చేసినవాళ్లు కాలి బలాన్నీ, 40 మీటర్ల వేగాన్నీ నిలబెట్టుకున్నారు. రెండు వారాలకి ఒకసారి చేసినవాళ్లు రెండూ కోల్పోయారు. వారానికి ఒక్క సెషన్, తేడా అంతే. "మ్యాచ్‌లు మొదలయ్యాయి కదా, ఇంక జిమ్ ఎందుకు" అనే మాట ఎంత ఖరీదైనదో చూడండి.

వేగం తగ్గడం కన్నా పెద్ద ప్రమాదం తొడ వెనక కండరం, హ్యామ్‌స్ట్రింగ్. పూర్తి వేగంలో ముందుకి చాచిన కాలు నేలను తాకబోయే ముందు, దాన్ని ఆపే బ్రేకు ఈ కండరమే. అప్పుడే ఎక్కువగా చిరుగుతుంది. యూరప్ పెద్ద క్లబ్బుల గాయాలని ఏళ్ల తరబడి లెక్కిస్తున్న యూఈఎఫ్‌ఏ అధ్యయనంలో, మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ వాటా 2001-02 సీజన్‌లో 12 శాతం ఉంటే 2021-22కి 24 శాతానికి చేరింది. ఆటలో వేగం పెరిగే కొద్దీ బ్రేకుల మీద భారం పెరిగింది. దీనికి తెలిసిన మంచి నివారణ నార్డిక్ వ్యాయామం. మోకాళ్ల మీద కూర్చుని, ఫ్రెండ్ మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లగా ముందుకి ఒరగడం. చేసిన మర్నాడు మెట్లు దిగుతుంటే తిట్టుకుంటారు. కానీ ఎన్నో జట్ల ఫలితాలని కలిపి చూస్తే, ఇది చేసిన జట్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గాయి.

5. కొలతలోనే ఉంది కథంతా

ఇప్పుడు మూడో ప్రశ్న. దేంతో కొలిచారు?

చేతి స్టాప్‌వాచ్ నొక్కే మనిషి తుపాకీ విన్నాక ఆలస్యంగా మొదలుపెడతాడు, గీత దగ్గర మాత్రం ముందే ఊహించి ఆపేస్తాడు. అందుకే వంద మీటర్ల చేతి టైమ్‌ని ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 0.24 సెకన్లు కలపడం అథ్లెటిక్స్‌లో ఆనవాయితీ. మన ఆటగాడు 30 మీటర్లు 4.30 సెకన్లలో పరిగెత్తేవాడైతే, ఒక శాతం మెరుగుదల అంటే 0.043 సెకన్లు. తప్పే 0.24 ఉన్న పరికరంతో 0.043ని వెతకడం అంటే లారీల కాటా మీద కొత్తిమీర కట్ట తూచినట్టే.

అలాగని ఆ 0.043 చిన్నదేం కాదు. సెకనుకి 7 మీటర్ల వేగంలో 0.05 సెకన్లంటే 35 సెంటీమీటర్లు. ఎదుటివాడి ముందు భుజం పెట్టడానికి అది చాలు. జ్యోతినే అడగండి, 2024 మేలో ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో ఆమె 12.78 పరిగెత్తింది. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత 12.77. ఆ వేగంలో 0.01 సెకను అంటే దాదాపు 8 సెంటీమీటర్లు, బెత్తెడు! చివరికి ర్యాంకింగ్ ద్వారా పారిస్ వెళ్లింది. 2020లో మూడబిదిరె అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 పరిగెత్తినా, అక్కడ డోప్ పరీక్ష, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేకపోవడంతో అది రికార్డుగా నిలవలేదు. ఎంత వేగంగా పరిగెత్తావో కాదు, ఏ పరిస్థితుల్లో ఎలా కొలిచారో కూడా లెక్కే.

అదృష్టం కొద్దీ మన అందరి జేబుల్లో మంచి పరికరం ఉంది. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు, అంటే 0.033 సెకన్ల ఖచ్చితత్వం. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెడితే 0.004 సెకన్లు. స్టాప్‌వాచ్ కన్నా ఎన్నో రెట్లు నయం.

6. పరవాడలో మనం చేయగలిగింది

మనకి సింథటిక్ ట్రాక్ లేదు, లేజర్ గేట్లు లేవు. ఒక పక్క సింహాద్రి ఎన్టీపీసీ గొట్టాలు, ఇంకో పక్క ఫార్మా సిటీ, మధ్యలో ఎర్రమట్టి గ్రౌండ్. ఫరవాలేదు, ఇది చాలు.

ఒకటి, వంద మీటర్లు మానేసి 0, 10, 30 మీటర్ల దగ్గర కర్రలు పాతండి. ఫోన్ పక్కన స్టాండ్ మీద కదలకుండా పెట్టి 240 ఫ్రేముల్లో తీయండి. ఒకే ఫోన్‌తో మూడు గీతలూ తీస్తే చివరి కర్రలు ఏటవాలుగా కనిపించి లెక్క తప్పుతుంది. కాబట్టి గీతకో ప్రయత్నం పెట్టుకుని, ఏ గీతని కొలుస్తున్నారో ఫోన్‌ని సరిగ్గా దాని ఎదురుగా ఉంచండి. పరుగు మొదలైన క్షణం తెలియడానికి ఇంకో ఫోన్‌తో స్టార్ట్‌ని తీసి, రెండు వీడియోల్లోనూ వినపడేలా ఒక చప్పట్లు కొట్టి కలపండి.

రెండు, ప్రతిసారీ అదే టైమ్, అవే షూస్, అదే నిలబడే పద్ధతి. మే నెల మధ్యాహ్నం మూడింటికీ, డిసెంబర్ పొద్దున్న ఆరున్నరకీ పోలిక లేదు. వాన పడిన మర్నాడు అసలు కొలవొద్దు. మూడు ప్రయత్నాలు, మధ్యలో మూడేసి నిమిషాల విశ్రాంతి.

మూడు, నెలకోసారి కొలిచి షీట్‌లో పెట్టండి. ఒక్క అంకె కాదు, గీత చూడండి. ఒకే రోజు మూడు ప్రయత్నాల మధ్య ఎంత తేడా వస్తుందో, అంతకన్నా పెద్ద మార్పు వస్తేనే "పెరిగాడు", "తగ్గాడు" అనండి.

నాలుగు, మ్యాచ్‌లు మొదలైనా వారానికి ఒక స్ట్రెంత్ సెషన్, ఒక నార్డిక్ సెషన్ ఆపొద్దు. మ్యాచ్‌లో దిగని సబ్‌స్టిట్యూట్‌లు ఆట అయ్యాక నాలుగైదు పూర్తి వేగం పరుగులు తీసి ఇంటికెళ్లండి. మ్యాచే ఇచ్చే స్ప్రింట్ సాధన వాళ్లకి దొరకదు కాబట్టి.

ఇక సెలక్షన్ చేసే సీనియర్లకి ఒక మనవి. జూనియర్ తమ్ముడు వంద మీటర్లలో ఆఖర్న వచ్చాడని పేరు కొట్టేయకముందు, అతని మొదటి పది మీటర్లు చూడండి. ఒక్కసారి కాదు, నెల తర్వాత మళ్లీ చూడండి. మన లెక్కలో రవి కూడా వంద మీటర్లు ఓడిపోయేవాడే. గోల్‌పోస్ట్ ముందు బంతి మాత్రం అతనికే అందుతుంది.